ఫలితములకు ముందే వినవలసిన మాట

ధ్యానభాగము: మార్కు 1:9-13



పరీక్షలకు ముందటి ఆదివారమున మా హుజూరాబాదులో తలిదండ్రులు హాల్ టికెట్లు తెచ్చి ప్రార్థించుమని అడుగుదురు. "ప్రభువా, వీరి కష్టమును వ్యర్థము కానియ్యకుము" అని మేము ఎన్నిమారులో పలికితిమి. ఆ మాట ప్రక్కన మోకరించిన బిడ్డ చెవికి ఎట్లు వినబడినదో చాలకాలము తలంచలేదు. దేవునికి విన్నపమైనది బిడ్డకు బెదిరింపైనదేమో.

2019 ఏప్రిల్ 18న వెలువడిన ఇంటర్మీడియట్ ఫలితములను మనము మరువజాలము. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. ఆ దినములలో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. వారి ఇండ్లను గూర్చి తీర్పు చెప్పుట మనకు తగదు. మన పాత ఆదిలాబాదు జిల్లా విద్యార్థిని ఒకతెకు తెలుగులో సున్న వచ్చినది. తిరిగి చూడగా అవి 99 మార్కులు! కాగితము తప్పినచో దిద్దించుకొనవచ్చును. ఇంటివారి ముఖము మారినచో, దానిని తిరిగి దిద్దుమని బిడ్డ ఎవరికి దరఖాస్తు పెట్టుకొనును?

ఇది మన ఊరి బాధ మాత్రమే కాదు. దక్షిణ కొరియాలో నవంబరునందు కళాశాల ప్రవేశపరీక్ష జరుగును. ఆంగ్లము విని వ్రాయు వేళ విమానములను లేవనియ్యరు, దిగనియ్యరు. అక్కడి సంఘములలోను తల్లులు నూరు దినములు ప్రార్థింతురు. ఆకాశమును నిశ్శబ్దపరచిరి గాని, బిడ్డల గుండెదడను ఆపలేకపోయిరి.

యొర్దానునొద్ద జరిగినది చూడుడి. అప్పటికి ప్రభువు ఒక రోగినైనను బాగుచేసినట్లు మార్కు వ్రాయలేదు. అరణ్యములోని నలువది దినముల శోధన ఆ తరువాతి మాట. ఆ పరీక్షకు పోకముందే తండ్రి తన కుమారునియందలి ఆనందమును ఆయనతోనే తెలిపెను. గెలిచి వచ్చిన పిమ్మట చెప్పుదమని దాచుకొనలేదు.

పత్తి అమ్మిన సొమ్ము హాస్టలు ఫీజులకు పోవుచున్నదని మేమెరుగుదుము. కూలిబ్రతుకు బిడ్డకు రాకూడదని కోరుట పాపము కాదు. అయినను బిడ్డ తినక, నిదురింపక, మాటాడక యున్నచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడి. ప్రభుత్వపు 14416 నంబరుకు రాత్రియైనను ఫోను చేయవచ్చును.

ఈ యేడు మేము హాల్ టికెట్లను ప్రక్కన పెట్టించి, తలిదండ్రులనే తమ బిడ్డల తలలమీద చేతులుంచి, వారు తమకెంత ప్రియులో చెప్పుమని కోరితిమి. ఒక తండ్రికి నోట మాట రాలేదు. చేయి మాత్రము తీయలేదు.