పురద్వారమున చెప్పగల మాట

ధ్యాన వాక్యభాగము: రూతు 4:1–12
కూడ చదువవలసినవి: సంఖ్యాకాండము 27:1–7; 1 రాజులు 21వ అధ్యాయము



హైదరాబాదు నుండి బీజాపూరు పోవు బాటలో మొయినాబాదు దాటి చేవెళ్లకు పోవువారికి ఇరుప్రక్కల పాత మఱ్ఱిచెట్లు కనబడును. ఆ చెట్ల వెనుకనున్న చేలలో కూరగాయలును పూలును పండించి, పట్నపు బజారులకు పంపి, మన కుటుంబములు అనేకములు బ్రదికినవి. నేడు ఆ నీడలో కూర్చుండువారు పంట సంగతికంటె ధర సంగతియే ఎక్కువగా మాటలాడుకొనుచున్నారు. తండ్రి గుంటలలో లెక్కించిన భూమిని కుమారుడు కోట్లలో లెక్కించుచున్నాడు.

ఇది ఊరక వచ్చిన మార్పు కాదు. 1908లో మూసీనది పొంగి పట్నమును ముంచిన తరువాత, వరదను ఆపుటకును త్రాగునీటికిని 1920లో ఉస్మాన్ సాగరు, 1927లో హిమాయత్ సాగరు కట్టబడెను. ఆ చెరువుల నీరు చెడకుండునట్లు 1996లో ప్రభుత్వము 111వ నంబరు ఉత్తరువు నిచ్చి, 84 గ్రామములలో పెద్ద కట్టడములకును లేఅవుట్లకును హద్దు విధించెను. మొయినాబాదు ప్రాంతపు గ్రామములు అనేకములు అందులో చేరినవి. 2022 ఏప్రిలులో 69వ నంబరు ఉత్తరువు ఆ హద్దులను తొలగించెను. పట్నము మన గుమ్మమువరకు వచ్చినది. దానితోకూడ శోధనయు వచ్చినది.

భూమి అమ్ముట పాపమా? అనేకులు మమ్మును ఈ ప్రశ్న అడుగుచున్నారు. పాపమని వాక్యము చెప్పుటలేదు. బర్నబా భూమి నమ్మి, ఆ సొమ్ము అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. యిర్మీయా శత్రువులు పట్టణమును చుట్టుకొనియుండగా పొలము కొనెను. బీదవాడైన ఇశ్రాయేలీయుడు తన స్వాస్థ్యములో కొంత అమ్ముకొనవచ్చునని ధర్మశాస్త్రమే ఒప్పుకొనెను. ఆసుపత్రి ఖర్చుకో, అప్పు తీర్చుటకో రెండెకరములు అమ్మిన సహోదరుని మనము నిందింపరాదు. అమ్మకయుంటిమని అతిశయపడనూరాదు. అట్లయిన శోధన ఎక్కడ నున్నది? ఎట్లు అమ్ముచున్నామను దానిలో నున్నది.

బోయజును చూడుడి. ఎలీమెలెకు పొలమును విడిపించి రూతును పెండ్లాడవలెనని అతనికి మనస్సున్నది. అయితే తనకంటె దగ్గరి బంధువు ఒకడుండెను. ఆ సంగతి రూతుకు తెలియదు. తానై చెప్పినవాడు బోయజే. అతడు ఊరకున్నయెడల అడుగువారెవరు? అయినను తెల్లవారగానే అతడు పురద్వారమునకు పోయి, ఆ బంధువును పిలిచి, పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, తనకు నష్టము కలుగగల సంగతినే మొదట చెప్పెను. పొలము మాట చెప్పెను. ఆ పొలముతోకూడ వచ్చు విధవరాలి బాధ్యతయు చెప్పెను. అబ్రాహామును అట్లే హేతీయుల పురద్వారమున అందరు వినుచుండగా నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి సమాధి భూమిని కొనెను.

మా దృష్టికి దిన దినము పనికివచ్చు జ్ఞానము ఇదియే: ఏ బేరమునైనను, దానివలన నష్టపడగలవాడు ఎదుట కూర్చుండి వినుచుండగా చెప్పగలమా? చెప్పగలిగిన చేయవచ్చును. చెప్పుటకు నోరు రాకపోయిన, ఆ నోరు రాకపోవుటయే మనస్సాక్షి ఇచ్చిన తీర్పు.

ఇప్పుడు మన ఇండ్లకు వత్తము. తండ్రి నిద్రించెను. విరాసతు జరిగినప్పుడు పాసుపుస్తకములో కుమారుల పేళ్లు మాత్రమే ఎక్కెను. కొన్ని యేండ్లకు భూమికి ధర వచ్చెను, బయానా తీసికొనిరి. అప్పుడు పట్టణములోనో పొరుగు మండలములోనో కాపురమున్న అక్క జ్ఞాపకము వచ్చెను. క్రిస్మసుకు పుట్టింటికి వచ్చిన ఆమె ముందు ఒక కాగితము పెట్టి, "అక్కా, ఇక్కడొక సంతకం పెట్టు, ఆఫీసుల అడుగుతున్నరు" అని తమ్ముడనును. ఆమె చదువదు, అడుగదు. తమ్ముడు గనుక పెట్టును. ఇది ఏ ఒక్క యింటి కథయు కాదు. చదువుచున్నవారిలో ఎందరికి ఇది తమ ఇంటి సంగతిగా తోచునో ప్రభువునకు తెలియును.

సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, ప్రత్యక్షపు గుడారపు ద్వారమున మోషే యెదుటను సర్వసమాజము ఎదుటను నిలిచి తమ తండ్రి భాగమును అడిగిరి. మోషే తనంతట తాను తీర్పు చెప్పక దేవుని సన్నిధికి తీసికొనిపోయెను. వారి మాట న్యాయమైనదని దేవుడు పలికెను. వారికి సహోదరులు లేరు, నిజమే. అయితే మన దేశపు చట్టము మన విషయములో ఇంకను స్పష్టముగా నున్నది. మరణశాసనము వ్రాయకుండ చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో, 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, విధవరాలికి మూడవవంతును, మిగిలినది కుమారులకును కుమార్తెలకును సమానముగాను చెందును. అక్కకు ఇచ్చునది దయాధర్మము కాదు, అది ఆమెదే.

"కట్నమిచ్చి పెండ్లి చేసితిమి గదా" అని కొందరందురు. కట్నము 1961 నుండి చట్టముచేత నిషేధింపబడినది. ఒక తప్పును చూపి మరియొక తప్పును సరిపెట్టుకొనుట లెక్క కాదు. పైగా ఆ సొమ్ము పోయినది అల్లుని యింటికి. ఆమె చేతికి కాదు.

"ఆమెయే ఇష్టపడి వదలుకొనెను" అని మరికొందరందురు. ఇది బలమైన మాట, త్రోసివేయరానిది. పుట్టింటి తలుపు తనకు తెరచియుండవలెనని కోరి, ప్రేమతో భాగము విడిచిన అక్కలున్నారు. అయితే ఎకరమునకు ఎంత వచ్చుచున్నదో తెలిసి వదలుకొనెనా, తెలియక వదలుకొనెనా? కాదనిన రాకపోకలు నిలిచిపోవునను భయముతో వదలుకొనెనా? ధర చెప్పి, కాగితము చదివి వినిపించి, ఆలోచించుకొనుటకు కొన్ని దినములిచ్చి, అప్పుడు అడుగుడి. అప్పుడును ఆమె వదలుకొనిన అది కానుక. లేనియెడల దాని పేరు వేరు. ఆ పేరు ఎనిమిదవ ఆజ్ఞలో నున్నది.

అయితే పదిమంది యెదుట జరిగినంత మాత్రాన అన్నియు న్యాయము కావు. నాబోతు పితరుల స్వాస్థ్యమును ఇయ్యననగా, అహాబు భార్య ముద్రవేసిన తాకీదులు పంపెను. ఊరి పెద్దలు ఉపవాసము చాటించి, జనుల యెదుటనే అబద్ధసాక్షులను నిలిపిరి. అక్కడ సభయున్నది, పెద్దలున్నారు, భక్తియు కనబడెను. సత్యము మాత్రము లేదు. సంఘ పెద్దలారా, సాక్షి సంతకమునకు మనలను పిలిచినప్పుడు, ఆడబిడ్డలు ఎక్కడనున్నారని అడిగితిమా? వ్యవసాయ భూములు నేడు తహసీలుదారు కార్యాలయములో రిజిస్టరగుచున్నవి. అదియే మన కాలపు పురద్వారము. అక్కడ కాగితమున ఒక ధర వ్రాయించి, ఇంటిలో మరియొక ధర నగదుగా లెక్కించుకొనుటయు ముద్రవేసిన తాకీదువంటిదే. పన్ను ఎవనికి చెల్లవలెనో వానికి చెల్లింపవలెనని పౌలు వ్రాసిన మాట రైతుకును చెల్లును.

ఇట్లు చేసిన నష్టము లేదని మేము చెప్పము. నలుగురు అన్నదమ్ములకు పోవలసినది ఆరుగురికి పోవును. కొన్ని బేరములు తప్పిపోవును. ఇంటిలోనివారే "నీవొక్కడవే నీతిమంతుడవా?" అని అడుగుదురు. ఆ మాట సహించుట సులభము కాదు.

కాని బేత్లెహేము పురద్వారమున కూర్చున్న ఆ ఇద్దరిని మరల చూడుడి. ఆ దగ్గరి బంధువు తన స్వాస్థ్యము చెడునని భయపడి, చెప్పు తీసి ఇచ్చి వెళ్లిపోయెను. అతనికి చట్టము అడ్డు రాలేదు. అతడు స్వాస్థ్యమును కాపాడుకొనెను. అయితే అతని పేరేమో గ్రంథము చెప్పదు. నష్టమునకు వెనుదీయని బోయజు పేరు మత్తయి మొదటి అధ్యాయములో, మన రక్షకుని వంశావళిలో నున్నది.

గనుక ఈ నెలలో మన ఇండ్లలో ఒక పని చేయుదము. పాసుపుస్తకము తీసి, అందులో ఉండవలసియు లేని పేరు ఎవరిదో చూతము. సంతకము ఇంకను పెట్టనియెడల నిజము చెప్పి అడుగుదము. ఇదివరకే పెట్టించుకొనియున్నయెడల, జక్కయ్య లేచి నిలిచినట్లు నిలిచి, అక్కయొద్దకు పోవుదము. సొమ్ము ఖర్చయిపోయినను క్షమాపణ అడుగవచ్చును. కొంచెము కొంచెముగా తీర్చవచ్చును.

ప్రార్థన: ప్రభువా, భూమి నీది, మేము నీయొద్ద పరదేశులము. చీకటిలో చేయు బేరమునుండి మమ్మును తప్పించుము. మా అక్కచెల్లెండ్ర యెదుట తల యెత్తి నిలువగల కృపను మాకు దయచేయుము. యేసు నామమున, ఆమేన్.