ఉల్లేఖనం: ఋణమా, సంపదా?

ప్రవేశిక

పరిశోధన వ్యాసంలో అధోజ్ఞాపికలకు, ఉపయుక్త గ్రంథసూచికి రెండు ప్రయోజనాలు ఉన్నాయి. చెప్పిన మాటకు ఆధారం చూపడం మొదటిది. ఆ ఆధారాన్ని సమకూర్చినవారి ఋణాన్ని అంగీకరించడం రెండవది. మొదటిది శాస్త్రమర్యాద, రెండవది నైతిక బాధ్యత. ఇప్పుడు ఇవే ఉల్లేఖనాలు పరిశోధకుని స్థాయిని నిర్ణయించే అంకెలుగా మారాయి. ఒకరు అంగీకరించిన ఋణం మరొకరి ఖాతాలో సంపదగా జమ అవుతున్నప్పుడు ఆ అంగీకారంలోని సత్యం నిలుస్తుందా అన్నది విచారణీయం.

గణన - పరిమితులు

యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ఉల్లేఖన సూచికను ప్రతిపాదించినప్పుడు మనుషులను కొలవడం ఆయన ప్రధాన లక్ష్యం కాదు. ఒక వ్యాసంపై తరువాత వచ్చిన విమర్శను, చర్చను పాఠకుడు తెలుసుకోగలగాలన్నదే ఆయన ఆశయం. అటువంటి సూచిక 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌గా వెలువడింది. 2005లో హోర్హె హిర్ష్ హెచ్-సూచికను ప్రతిపాదించాడు. ఒక పరిశోధకుని రచనల్లో ఒక్కొక్కటి కనీసం 20 సార్లు ఉల్లేఖితమైనవి 20 ఉంటే ఆయన సూచిక కనీసం 20 అవుతుంది. వెతకడానికి పుట్టిన సాధనం క్రమంగా తూకపురాయిగా మారింది.

ఈ తూకంలో సమర్థనకూ ఖండనకూ భేదం లేదు. రెండూ ఒక్కొక్క ఉల్లేఖనమే. పైగా పేరున్నవారికే మరింత పేరు చేరుతుందని రాబర్ట్ మెర్టన్ 1968లో నిరూపించే ప్రయత్నం చేశాడు. కాలం కూడా ఈ లెక్కకు లొంగదు. 1866లో అచ్చయిన మెండెల్ వ్యాసం ప్రాముఖ్యం 1900లో గానీ శాస్త్రలోకానికి తెలియలేదు. ఆ నడిమి సంవత్సరాల్లో లోపించినది రచన విలువ కాదు, దాన్ని గుర్తించే చూపు.

సహరచన - కనిపించని భాగస్వాములు

సహరచయితల నెట్‌వర్క్‌లో పరిశోధకులు బిందువులు, కలిసి రాసిన వ్యాసాలు వారిని కలిపే గీతలు. సుమారు 1500 వ్యాసాలను 500 మందికి పైగా సహరచయితలతో రాసిన గణితవేత్త పాల్ ఎర్డోష్ నుంచి తమ దూరాన్ని గణితజ్ఞులు సరదాగా లెక్కించుకుంటారు. 2015లో హిగ్స్ కణ ద్రవ్యరాశిపై వెలువడిన వ్యాసానికి 5 వేల మందికి పైగా రచయితలు. ఎవరు ఎవరితో కలిశారో ఈ చిత్రం చూపుతుంది. ఎవరి శ్రమ ఎంతో చెప్పదు.

కొందరి శ్రమ ఈ చిత్రంలోకి రానే రాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటానికి వ్యవసాయ పదజాలం ఆధారం. ఆ మాటలు రైతుల నోటివి. వారు ఏ నెట్‌వర్క్‌లోనూ బిందువులు కారు. తెలుగు పరిశోధనలో చాలా భాగం అంతర్జాతీయ సూచికలకు అందని గ్రంథాలలో, సంచికలలో ఉంది. అక్కడ సున్నా కనిపిస్తే ప్రభావం లేదని అర్థం కాదు, లెక్క అక్కడిదాకా రాలేదని అర్థం.

ఒక ఆక్షేపణ

అంకెలను తొలగిస్తే పలుకుబడి, కులం, గురువు అండ నిర్ణాయకాలు అవుతాయన్న ఆక్షేపణ బలమైనది. అండ లేని యువ పరిశోధకునికి అంకె ఒక్కటే సాక్షి కావచ్చు. అయితే సాక్షి వేరు, న్యాయనిర్ణేత వేరు. అంకెకే తీర్పు చెప్పే అధికారం ఇచ్చినప్పుడు పరస్పర ఉల్లేఖనాలు, అవసరం లేని స్వీయ ఉల్లేఖనాలు, పని చేయనివారి పేర్లు చేర్చడం మొదలవుతాయి. అప్పుడు బలహీనునికి అండగా నిలవవలసిన సాక్ష్యమే బలవంతుని చేతిలో పడుతుంది. అంకెలు నిపుణుల నిర్ణయానికి తోడ్పడాలే గాని దాని స్థానాన్ని ఆక్రమించరాదని, స్థానిక ప్రాధాన్యం గల పరిశోధనను కాపాడాలని 2015 నాటి లైడెన్ ప్రకటన సూచించింది.

ముగింపు

పక్షపాతానికి అంకె ఒక్కటే విరుగుడు కాదు. మూల్యాంకనం చేసేవారు రచనను చదివి, తమ నిర్ణయానికి కారణాలను లిఖితపూర్వకంగా చెప్పడం అంతకంటె మేలైన మార్గం. అప్పుడు ఆ కారణాలను ప్రశ్నించే అవకాశం అభ్యర్థికి ఉంటుంది. రచయిత బాధ్యత మరొకటి. ఈ ఆధారం లేకుండా ఈ మాట రాయగలిగేవాడినా అని ప్రతి ఉల్లేఖనం దగ్గరా తనను తాను ప్రశ్నించుకోవాలి. రాయలేనప్పుడు, ఆధారమిచ్చినవారు పేరులేని విద్యార్థి అయినా, పదం చెప్పిన రైతు అయినా వారిని పేర్కొనాలి. రాయగలిగినప్పుడు, వారు ఎంత ప్రసిద్ధులైనా మొహమాటానికి పేరు చేర్చరాదు. ఋణపత్రంలో లేని అప్పు రాయడం, ఉన్న అప్పు దాచడం రెండూ అసత్యాలే.