స్వామి నడచిన సీమ

ఒక సీమ ప్రజలు తామందరు ఒక్కటియని తలచుటకు ఆధారమేమి? ఒకే నేల, ఒకే నుడి, ఒకే ఏలిక అని వెంటనే సమాధానము చెప్పవచ్చును. నల్లమలకు పడమట, అహోబిల క్షేత్రము చుట్టునున్న పల్లెలను ఎరిగినవారికి ఈ సమాధానము చాలదని తోచును.

ఏలికల సంగతి చూడుడు. 1800లో నిజాము ఈ ప్రాంతమును ఆంగ్లేయులకు అప్పగించెను. నాటినుండి ఇవి దత్తమండలములైనవి. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, ఆ నేలను దున్నుకొని బ్రతుకు జనులకు ఆ పేరిలో చోటే లేదు. 1928లో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగిన సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు సూచించిన ‘రాయలసీమ’ అను పేరు ఆ చిన్నతనమును తుడిచివైచినది. పేరు గౌరవము నిచ్చును, నిజమే. పొరుగూరివానిని ఆత్మీయునిగా చేయుట పేరు వలన అగు పని కాదు.

కష్టము మనుష్యులను కలుపునందురు. 1876-78 నాటి ధాత కరువు మొదలు ఈ సీమ చూడని కష్టము లేదు. అయితే కరువు కలిపినంతగా విడదీయును గూడ. బావిలో నీరు అడుగంటిన నాడు మొదట పుట్టునది ‘మాది, మీది’ అను మాటయే. పల్లెలు పగలతో నలిగిన చరిత్రయు ఇచ్చట కలదు. చలనచిత్రములు దానిని కొండంత చేసి చూపినవి గాని, అది బొత్తిగా లేదనుట సత్యము కాదు.

మరి ఈ పల్లెలను కలిపి ఉంచునదేది? ఏటేట సంక్రాంతి మరునాడు, కనుమ నాడు, అహోబిలమున ఆరంభమగు పారువేటను చూచినచో కొంత తెలియును. జ్వాలానరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో వేంచేసి కొండ దిగుదురు. సుమారు నలువది దినములు, ముప్పదికి పైగా గ్రామములు. తన కల్యాణమునకు రమ్మని స్వామియే ఊరూర తిరిగి పిలుచుచున్నాడని జనుల నమ్మకము. తిరుమంగై ఆళ్వారు ఈ క్షేత్రమును కీర్తించుచు, చేరుటకు ఎంత దుర్గమమో వర్ణించినాడు. అట్టి కొండపైనున్నవాడు జొన్నచేల గట్లవెంట, మట్టిబాటలవెంట వచ్చి, ఊరిలో తనకై కట్టిన అరుగుపై విడిది చేయును. ఆ దినమున ఇండ్లకు సున్నము పడును. ఆడబిడ్డలు పుట్టింటికి వత్తురు. ఎడమొగము పెడమొగముగా ఉన్న దాయాదులు సైతము ఒకే హారతికి చేతులు చాపుదురు.

యాత్రారంభమున చెంచులు విల్లంబులతో పల్లకికి ఎదురై బాణములు వేయు వేడుక కలదు. చెంచులక్ష్మిని చేపట్టినవాడు గనుక స్వామి వారికి ఇంటి అల్లుడు. అల్లునిపై బాణము వేయు చనువు మామగారి ఊరివారికి గాక మరెవరికుండును! గొప్పవాడు చిన్నవారితో అరమరికలు లేక కలసిపోవు గుణమును ఆచార్యులు సౌశీల్యమన్నారు. గుహునితో రాముడు చేసిన చెలిమి దానికి నిదర్శనము. ఆ గుణమును గ్రంథమున చదువుట వేరు, ఏటేట వాకిట చూచుట వేరు. ఒకే అతిథికి వరుసగా ఆతిథ్యమిచ్చిన ఊళ్లు తమలో తాము వియ్యపువారివలె మెలగుట అలవరచుకొనును. ఈ సీమవారి ఏకత్వము పుట్టుకతో వచ్చినది కాదు, ఏటేట చేసికొనవలసినది. ఒక ఏడు మానిన సన్నగిల్లునట్టిది.

ఇందు మెలకువయు అవసరము. పల్లకి సేవలు, మర్యాదలు ఆనవాయితీగా వచ్చునవి. హక్కు ఉన్నచోట పట్టింపు పుట్టుట లోకసహజము. స్వామి ఊరికి వచ్చియు, ఊరి చివరి వాడలోనివారు దూరమున నిలువవలసి వచ్చినచో ఆ ఆహ్వానము సగమే అందినట్లు. అప్పుడు ‘మన ఊరు’ అను మాటలో ఎందరున్నారని అడుగు బాధ్యత స్వామిది కాదు, ఊరివారిది. వనచరులను అత్తవారిగా వరించిన దైవమునకు గడపలలో హెచ్చుతగ్గులు అంటగట్టుట ఎంత వింత!

బ్రతుకుతెరువుకై బెంగళూరు, హైదరాబాదు చేరిన బిడ్డలును తమ ఊరికి పల్లకి వచ్చు దినమును లెక్కించుకొని బయలుదేరుదురు. ఫాల్గుణమున బ్రహ్మోత్సవములందు కల్యాణము. పెండ్లికుమారుడే స్వయముగా గడపకు వచ్చి పిలిచిపోయిన పెండ్లి గనుక, వెళ్లకుండుటకు ఆ పల్లెలవారికి సాకు దొరకదు.