ఊరికే ఇష్టం

ఆడవాళ్ళ సరదాని మనవాళ్ళు సరదాగా ఒప్పుకోరు. దానికో పని అంటగట్టాలి. పట్టుచీర కొంటే పెళ్ళుందనాలి. నాలుగూళ్ళు తిరిగొస్తే మొక్కుందనాలి. ఈ మధ్య పాట నేర్చుకోవడానిక్కూడా "ఊపిరితిత్తులకి మంచిదట" అని చెప్పుకోవలసి వస్తోంది. ఊరికే ఇష్టమై చేశానంటే చాలు, మొహమొహాలు చూసుకుంటారు.

నా విషయంలో అలా చూసుకోవడానికి కారణం ఓ పాత కారు. 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. రిటైరయ్యాక కొన్నాను. కొన్నదానికంటే బాగుచేయించడానికే ఎక్కువైంది.

"మీ నాన్నగారిదా?" అని జాలిగా అడుగుతారు. కాదండీ, మా నాన్నగారికి సైకిలుండేది. జ్ఞాపకమంటే క్షమించేద్దురు కాబోలు!

1964లో బొంబాయి కుర్లాలో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1972లో ప్రెసిడెంటై, 1974లో పద్మిని అయింది ఈ బండి. మనం మాత్రం చివరిదాకా ఫియట్టనే అన్నాం. 1983 డిసెంబరులో మారుతి రావడంతో దీని దర్జా తగ్గింది. బొంబాయిలో టాక్సీలుగా మిగిలిన పద్మినీలకి కూడా 2023 అక్టోబరులో సెలవిచ్చేశారు. పోనీ పురాతన వస్తువని గౌరవిద్దామా అంటే, 2021 నిబంధనల్లో 50 ఏళ్ళు దాటితేగాని వింటేజి కాదు. కొత్తకోడలూ కాదు, పెద్దత్తగారూ కాదు!

విజయవాడ ఆటోనగర్‌లో ఓ పెద్దాయన ఏడు నెలలు దీనిమీద కూర్చున్నాడు. తుప్పు తిన్న రేకు కోసి కొత్త రేకు అతికాడు. గేరు స్టీరింగు పక్కనే ఉంటుంది. ముందు సీటు బల్లలా ఒకటే. ఏసీ లేదు. కానీ ముందు తలుపుకి చిన్న ముక్కోణపు అద్దముంటుంది చూడండి, దాన్ని కాస్త తిప్పితే గాలి నేరుగా మొహానికే వస్తుంది. ఆ గాలికోసమే కొన్నానంటే నమ్ముతారా?

మా ఆడపడుచు నమ్మలేదు. "ఆ డబ్బుతో ఓ పేదపిల్లని చదివించొచ్చుగా వదినా?" అంది.

చిన్న ప్రశ్న కాదది. రెండు రాత్రులు నిద్ర లేదు నాకు. బ్యాంకు లాకర్లో పడున్న వడ్డాణాన్ని ఈ మాట ఎవరూ అడగరేం అనుకున్నాను. నిజమేగానీ, వడ్డాణం దండగైనంత మాత్రాన కారు ధర్మమైపోదు. మెకానిక్కి పని దొరికిందిగా అనీ అనుకున్నాను. ఆయన షెడ్డు నిండా బళ్ళే, నా బండి లేకపోతే ఆయనకొచ్చిన లోటేం లేదు.

చివరికి నాకు తోచింది ఒకటే. ఇష్టాలన్నీ చంపుకుని ఇంటికి ధారపోసిన ఆడవాళ్ళని బాగా ఎరుగుదును. వాళ్ళు పెట్టిన ప్రతి ముద్దకీ తరవాత లెక్క చెప్పేవారు. "మీకోసం నేనేం అనుభవించాను!" అన్న ఆ మాట కంచంలో కూరతోపాటు వడ్డించేవారు. అలా ఇవ్వడం నాకిష్టం లేదు. ఓ పిల్ల కాలేజీ ఫీజు ముందు తీసి పక్కన పెట్టాను, ఆ తరవాతే కారుకి రంగు వేయించాను. ఇంకా ఇవ్వగలవుగా అని మనసు పీకుతూనే ఉంటుంది. పీకనీ. ఆ బాధ పడతానుగానీ, బండికి లేని ఉపయోగం మాత్రం అంటగట్టను.

మా వారి సంగతి వేరు. వీధిలో ఎవరైనా అడిగితే, "డిక్కీ పెద్దదండీ, రైతుబజారుకి బాగుంటుంది" అంటున్నారు.