పటం అమ్మితే చెరువు నిండుతుందా?

మన పెద్దలు సప్తసంతానాలని ఏడింటిని లెక్కపెట్టారు: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. మనిషి పోయాక అతని పేరు నిలిపేవి ఇవేనని నమ్మకం. ఈ లెక్కన కావ్యమూ చెరువూ తోబుట్టువులు. చిత్రాన్నీ కావ్యం వరుసలోనే పెట్టవచ్చు. కాబట్టి ఒక గ్యాలరీ యజమాని ఏళ్ల తరబడి కూడబెట్టిన సమకాలీన చిత్రాలను వేలం వేసి, ఆ సొమ్ము భూతాపాన్ని తగ్గించే పనులకు ఇస్తానంటే మనకు మరీ వింతగా తోచనక్కర్లేదు. ఒక బిడ్డను అమ్మి ఇంకో బిడ్డను సాకడమన్నమాట. వినడానికి కాస్త గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. ఇంతకీ ఇది దానమా, బేరమా, పాపపరిహారమా? దానమేనని నేనంటాను. అయితే వేలంపాట ముగిసిన రోజుతో అది పూర్తికాదని కూడా అంటాను.

పుణ్యకార్యానికి వేలం మనకు కొత్తేమీ కాదు. బాలాపూర్ గణపతి లడ్డూ 1994లో 450 రూపాయలకు పోయింది, 2025లో 35 లక్షలు పలికింది. పాడుకున్నవాళ్లు ఆ ప్రసాదాన్ని పొలంలో చల్లుకుంటారు, సొమ్ము ఊరి పనులకు పోతుంది. ప్రధానమంత్రికి వచ్చిన కానుకలను 2019 నుంచి వేలం వేసి ఆ డబ్బు నమామి గంగేకు ఇస్తున్నారు. 2018 వరదల తర్వాత కొచ్చి బినాలే ఫౌండేషన్, శాఫ్రన్‌ఆర్ట్ కలిసి, చిత్రకారులు ఉచితంగా ఇచ్చిన పనులను కేరళ సహాయనిధి కోసం వేలానికి పెట్టాయి. పాడినవాడికి వస్తువు దక్కింది, పదిమందిలో పేరూ దక్కింది, ఇక దానమెక్కడిదని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. మన గ్యాలరీ వేలంలో ఇచ్చినవాడూ కొన్నవాడూ వేరు. తన వస్తువు మీద హక్కు వదులుకున్నది గ్యాలరీ యజమాని, దాత అతనే. కొన్నవాడిది గీత పదిహేడో అధ్యాయం చెప్పే రాజసం, ఫలం కోరి ఇచ్చేది. కృష్ణుడు దాన్ని సాత్వికం కంటే తక్కువన్నాడే గాని దానాల పట్టికలోంచి కొట్టెయ్యలేదు. అదే గీత సాత్వికదానానికి దేశం, కాలం, పాత్రత చూడమంది. నేటి వేలాల్లో వస్తువు చరిత్ర కేటలాగు నిండా ఉంటుంది, సొమ్ము చేరే చోటు మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

పోరుమామిళ్ల శాసనం ఇందుకు పూర్తిగా ఎదురు. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించిన చెరువుకు వేయించిన శాసనం అది. పుణ్యం మాటతో శాసనం సరిపెట్టుకోలేదు. మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలంది, తగలకూడని ఆరు దోషాలూ చెప్పింది: కట్ట ఊటెత్తడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున పడటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువవడం. కూలీలు వెయ్యిమంది, రాళ్లు తోలిన బళ్లు వంద అని కూడా చెక్కించారు. ఆ దాతకు కట్ట ఊటెత్తితే పుణ్యమూ ఊటెత్తినట్టే. మన వేలందార్లు ఆ ఆరు దోషాల్లో ఒక్కదాన్నైనా తమ పథకానికి అన్వయించి చూసుకున్నట్టు కనబడదు.

పారిశ్రామిక ప్రాంతమైన అచ్యుతాపురం నుంచి చూస్తే ఇంకో అభ్యంతరం బలంగా వినిపిస్తుంది. ఇక్కడ ప్రత్యేక ఆర్థిక మండలిలో మందుల ఫ్యాక్టరీలు, బట్టల ఫ్యాక్టరీలు. అదే మండలంలో కొండకర్ల ఆవ, తాటిదోనెల మీద జనం తిరిగే మంచినీటి సరస్సు, వలస పక్షుల విడిది. పొగ వదిలినవాడే బొమ్మ కొని పాపం కడుక్కుంటాడు కదా, అంటారు. ధర్మశాస్త్రం ఆ వెసులుబాటు ఇవ్వలేదు. చేసినదానికి బాధపడి, మళ్లీ చేయనని నిశ్చయించుకున్నప్పుడే శుద్ధి అంది మనుస్మృతి. చెక్కు రాసి పొగగొట్టం మూయనివాడిది ప్రాయశ్చిత్తం కాదు. అలాగని ఆ చెక్కుతో ఆవలో పూడిక తీస్తే నీరు నిలవదా? నిలుస్తుంది. పక్షికి దాత మనసుతో పనిలేదు. అతని పాపం లెక్క అతనిది, పూడిక లెక్క మాత్రం ఊరిది, ఊరు దాన్ని అడిగి తీసుకోవాలి.

కళను సొమ్ము చేయడమే తప్పనేవాళ్లకు జవాబుగా లక్కబొమ్మల ఊరు ఏటికొప్పాక దగ్గర్లోనే ఉంది. అక్కడి నిపుణుడు తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తాడు. రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది, ఆపైన మొగలి ఆకుతో రుద్ది నిగ్గు తెస్తాడు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలు మొదటి నుంచీ అమ్మకానికి చేసినవే, వాటి అందం తగ్గలేదు. గోదాములో చెక్కపెట్టెలో మగ్గే పటం కంటే చేతులు మారిన పటానికి వచ్చే నష్టమేమిటో నాకు తెలియదు. అంకుడు చెట్టు మాటే వేరు. నరికితే మళ్లీ ఎదగడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లన్నీ నీళ్లు పోసి కాపు కాసే మనిషికి జీతమెంతో ఏ వేలం కేటలాగులోనూ అచ్చు కాదు.