వాగు నీటిలో పొరుగువాడి హక్కు

రాత్రి పడుకోబోయే ముందు సూరె ముల్క్ పఠించే అలవాటు మన ఇళ్ళలో చాలామందికి ఉంది. మన నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని తెచ్చి ఇచ్చేవాడెవడని దాని చివరి ఆయత్‌లో అల్లాహ్ అడుగుతున్నాడు. ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. మరి ఆయన అందరికీ ఇచ్చిన దాన్ని ఒకరే తోడేసుకుంటే?

"నా పొలం, నా డబ్బు, నా బోరు. నీళ్ళు తోడుకుంటే తప్పేమిటి?" అంటారు కొందరు. మాట సబబుగానే తోస్తుంది. కాని పొలానికి గట్లున్నాయి, భూమిలోని నీటికి గట్లు లేవు. ఎగువన గుట్టను బోడి చేస్తే వాననీరు ఇంకక దిగువ బావి ఎండుతుంది. ఎగువన వాగులో చెత్త పోస్తే దిగువన పశువులు తాగుతాయి.

ఇలాంటి తగాదా ఒకటి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ముందుకు వచ్చింది. మదీనాలో హర్రా ప్రాంతపు కాలువ మొదట హజ్రత్ జుబైర్ (రజి) తోటకు చేరేది, తర్వాత ఒక అన్సారీ పొలానికి. తోట తడుపుకుని నీటిని పొరుగువానికి వదలమని ప్రవక్త (స) జుబైర్‌కు చెప్పారు. బంధువని పక్షపాతం చూపారని అన్సారీ నిష్ఠూరమాడాడు. అప్పుడు నీరు గట్టును తాకేవరకు ఆపుకోమని ప్రవక్త (స) తీర్పునిచ్చారు. ప్రజలు దాన్ని చీలమండల లోతుగా లెక్కగట్టారని బుఖారీలో ఉంది. మొదటి మాట ఇద్దరికీ మేలైన సర్దుబాటు అనీ, రెండవది జుబైర్ పూర్తి హక్కు అనీ ఉలమా వివరించారు.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఎగువవాని హక్కుకూ ఒక హద్దు ఉంది. ఆ హక్కులోంచి కూడా కొంత వదులుకోవడం ఇహ్సాన్.

మన దేశంలోనే ఇలా ఆచరించి చూపిన గ్రామాలున్నాయి. రాజస్థాన్‌లోని ఆల్వార్ జిల్లాలో అర్వరీ నది వానలు పోగానే ఎండిపోయేది. 1980వ దశకంలో భావతా-కొల్యాలా గ్రామస్థులు, తరుణ్ భారత్ సంఘ్ తోడ్పాటుతో, వాలుల్లో జోహడ్లు అనే మట్టికట్టలు కట్టారు. ఇతర గ్రామాలూ అదే బాట పట్టాయి. నిలిచిన వాననీరు నేలలో ఇంకింది, బావులు నిండాయి. 1990వ దశకం మధ్య నాటికి నది ఏడాది పొడవునా పారసాగింది.

అసలు పరీక్ష నీళ్ళొచ్చాకే మొదలైంది. నీరు చూడగానే చెరకు వేయాలని ఎవరికి ఆశ పుట్టదు? 1999లో సుమారు 70 గ్రామాలు 'అర్వరీ సంసద్' పేరిట ఒక సభగా ఏర్పడి, నీరు ఎక్కువ తాగే పంటలు వద్దని కట్టుబాటు చేసుకున్నాయి. ఆ సభకు చట్టబద్ధమైన అధికారం లేదు, ఉన్నది ఇచ్చిన మాటే. ఆ కృషికి తోడు నిలిచిన రాజేంద్ర సింగ్‌కు 2015లో స్టాక్‌హోమ్ జల పురస్కారం లభించింది.

మంచి పనిలో పరస్పరం సహకరించుకోమన్నది ఖుర్ఆన్ ఆదేశం. కనుక ఊరంతా కలిసి వాగు పూడిక తీస్తుంటే మసీదు కమిటీ దూరంగా నిలబడకూడదు. చెక్‌డ్యామ్ పనికి ఒక పూట శ్రమ ఇవ్వడం, మాంసం దుకాణాల వ్యర్థాలు వాగులో పడకుండా చూడడం, జుమా ప్రసంగంలో ఈ విషయం చెప్పడం మన చేతిలోని పనులే. మన తర్వాత కూడా ఆ నీరు పారితే అది సదఖా జారియా అవుతుందని ఆశిద్దాం.

మన వాటాలో తృప్తిని, పొరుగువాని వాటా పట్ల భయభక్తులను అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.