దిద్దిన లెక్కకు వెల ఎవరిది?

వర్తకుని పుస్తకములో తప్పు దొర్లుట క్రొత్త గాదు. చిట్టాలోని పద్దు ఆవర్జాకు ఎక్కకపోవచ్చును; కనబడినప్పుడు దిద్దుకొందురు. కాని ఒకచోట దిద్దినంతనే ఇంకొకరి నెత్తిపై భారము పడునెడల ఏమి చేయవలెను?

బళ్ళారిలో బట్టల కొట్టు నడుపుకొను ఒక తెలుగు గృహస్థుని ఊహించుకొందము. 2023-24 సంవత్సరమునకు రు. 4,30,000 ఆదాయము చూపి, 2024 జూలైలో రిటర్ను దాఖలు చేసినాడు. అదే అంకెపై ఆదాయపత్రము పొంది, ఇంజనీరింగులో చేరిన కుమార్తె పేర బ్యాంకులో ఆరు లక్షల విద్యాఋణము కుదిర్చినాడు. తల్లిదండ్రుల ఆదాయము నాలుగున్నర లక్షలు మించనిచో, చదువు కాలమునకును ఆపై ఒక ఏటికిని వడ్డీని కేంద్ర ప్రభుత్వమే భరించునట్లు 2009లో ఏర్పడిన పథకము ఆమెకు వర్తించినది.

దసరా వెళ్ళిన పిమ్మట కాగితములు సర్దుచుండగా, ఆ ఏటి ఫిక్సెడ్ డిపాజిట్టు వడ్డీ రు. 36,000 బయటపడినది. అప్పటి నియమము ప్రకారము నలుబది వేలు దాటని వడ్డీపై బ్యాంకువారు పన్ను కోయరు. అందుచేతనే మరపు వచ్చినది. కలిపినచో 4,66,000. విచిత్రమేమనగా, రిబేటు పోగా ఆ మొత్తముపైనను పన్ను సున్న. 1961 నాటి చట్టము 139(5) సెక్షను క్రింద 2024 డిసెంబరు 31 వరకు రిటర్ను సవరించుకొను గడువు కూడ ఉన్నది. ఖజానాకు పైసా పన్ను తేని ఈ సవరణ, కుమార్తె వడ్డీ రాయితీకి మాత్రము గొడ్డలిపెట్టు. ఋణమంతయు తీసుకొన్న పిమ్మట, నూటికి పది వంతున, ఏటికి అరువది వేలు!

పొరుగు కొట్టు పెద్దమనిషి ఏమనునో తెలిసినదే: "పన్నే లేనప్పుడు దిద్దుట దేనికయ్యా? పదునారు వేలు మించినంతనే భాగ్యవంతుడవైతివా?" ఈ మాటలో సగము నిజమున్నది. ఆ గీత మొరటు గీతయే. అయినను గజము బద్ద సరిగా లేదని తోచినచో మార్పుమని అడుగవచ్చును గాని, కొట్టులో కూర్చుండి తనకు వలసినట్లు కోసికొనరాదు. తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో, రాజ్యనియమమును మీరుటయు, తూనికలు కొలతలలో హెచ్చుతగ్గులు చేయుటయు ప్రక్కప్రక్కనే ఉన్నవి. వర్తకులను బాగుగా ఎరిగినవారే ఆ పట్టిక వ్రాసినారనిపించును.

జూలైలో వ్రాసిన 4,30,000 పొరపాటు. దసరా తరువాత అదే అంకె అబద్ధము. కాగితము మారలేదు; తెలిసికొన్న మనిషి మారినాడు. ఇక రిటర్ను మాత్రము దిద్ది, బ్యాంకునకిచ్చిన ఆదాయపత్రమును పాతదానినే ఉంచుట రెండు పుస్తకములు పెట్టుటతో సమానము.

ఇంతవరకు వాదము సుళువు. కష్టమైనది ఇకమీదటనే. ఋణము కుమార్తె పేరనున్నది. తండ్రి పలికిన సత్యమునకు వెల ఆమె మొదటి జీతమునుండి పోవును. తన వ్రతమునకు బిడ్డచేత సొమ్ము కట్టించుట ఏపాటి ధర్మము? కావున ఆడిటరు వద్దకు పోవుటకు ముందే ఆయన ఆ కాగితమును ఆమె యెదుట పెట్టి, "అమ్మా, తప్పు నాది, ఈ వడ్డీయు నాదే" అని చెప్పవలెను. 2024 నవంబరులో మంజూరైన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకమున, ఎంపికైన విద్యాసంస్థలలోని పిల్లలకు ఎనిమిది లక్షల ఆదాయము వరకు మూడు శాతము వడ్డీ తగ్గింపు గలదు. ఆమె కళాశాల ఆ జాబితాలో ఉన్నదేమో విచారింపవచ్చును.

లేకపోయినను ఇంటనే ఒక దారి యున్నది. ముప్పదియారు వేల వడ్డీ తెచ్చిన డిపాజిట్టు ఐదు లక్షలకు తక్కువ ఉండదు. అది ఆమె పెండ్లికని దాచినది. దానిని విడిపించి విడతవిడతకు ఫీజు కట్టినచో, తీయవలసిన అప్పు లక్షకు దిగును. పెండ్లి సంగతి చదువు ముగిసిన పిమ్మట, ఆమెనే అడిగి చూచుకొనవచ్చును.